తెచ్చిపెట్టుకున్న నత్తి

అతని తండ్రి కూరగాయల మార్కెట్లో వేలం వేసేవాడు. లారీలోంచి దించిన బస్తా మీద ఒక కాలు పెట్టి, గుక్క తిప్పుకోకుండా రేటు పెంచుకుంటూ పోయే మనిషి. ఇంటికొచ్చాక కూడా ఆ ధాటి తగ్గేది కాదు. భోంచేస్తూ, చెయ్యి కడుక్కుంటూ, చివరికి నిద్రలోకి జారుకుంటూ కూడా మాట్లాడుతూనే ఉండేవాడు. అలాంటి తండ్రికి నత్తి కొడుకు పుట్టాడు.

పిల్లవాడికి మాట మొదట్లోనే అడ్డం పడేది. ‘ప’ అనాలంటే పెదవులు అతుక్కుపోయేవి. ‘క’ అనాలంటే గొంతులో వెలక్కాయ పడ్డట్టయ్యేది. మెడ నరం ఉబ్బి, ఎడమ భుజం పైకి లేచి, కళ్ళు మూతలుపడి, ఎంతసేపటికో మాట ఊడిపడేది. తండ్రి చెడ్డవాడేం కాదు. నిశ్శబ్దాన్ని ఓర్చుకోవడం ఆయన వృత్తిలో లేదు, అంతే. కొడుకు నోరు తెరవగానే మిగతా మాట తనే పూర్తి చేసేసేవాడు. వాడు నీళ్ళు అడగబోయి ‘నీ’ దగ్గర ఆగితే, “నిద్రొస్తోందా, వెళ్ళి పడుకో” అనేవాడు. అలా దాహంతోనే పడుకున్న రోజులున్నాయని అతను తర్వాత స్టేజీ మీద చెప్పినప్పుడు జనం నవ్వేవారు. ఇప్పుడు తలుచుకుంటే నిజంగా నవ్వొచ్చే విషయమే.

తల్లి మాత్రం ఒక ఉపాయం కనిపెట్టింది. పాడితే వాడికి నత్తి రాదు. అప్పటినుంచి ఇంట్లో వాడు ఏది అడిగినా రాగం తీసి అడిగేవాడు. సబ్బు కావాలన్నా, తలుపు తియ్యమన్నా పాటే. ఆ ఇంట్లో ఎవరో సంగీతం నేర్పుతున్నారనుకుని పక్కింటావిడ తన కూతుర్ని చేర్పించడానికి వచ్చింది కూడా.

బడిలో పాడటం కుదరదు. అక్కడ అన్నిటికన్నా కష్టమైన మాట అతని పేరే. వేరే మాట రాకపోతే దానికి బదులు ఇంకోటి వెతుక్కోవచ్చు. పేరుకి బదులు పేరు ఎక్కడ దొరుకుతుంది? కొత్త మాస్టారు వచ్చినప్పుడల్లా అతను లేచి నిలబడి నోరు తెరిచి అలాగే ఉండిపోయేవాడు. స్టార్టవ్వని బండిలా ఉన్నాడని తోటి పిల్లలు ‘ఇంజను’ అని పేరు పెట్టారు. ఆ పేరు ఎంత గట్టిగా అంటుకుందంటే, యూనివర్సిటీలో చేరేటప్పటికి అది అతనికంటే ముందే అక్కడికి చేరుకుంది.

లెక్కలకు నోటితో పనుండదని కామర్స్ తీసుకున్నాడు. అదే లెక్కన యూనివర్సిటీ థియేటర్లో సామాన్లు మోసే పనికి కుదురుకున్నాడు. లైబ్రరీ వెనక ఒకప్పుడు పరీక్షలు రాయించిన పెద్ద హాలుని థియేటర్‌గా మార్చారు. కిటికీలన్నీ నల్ల గుడ్డతో మూసేశారు. గోడల మీద పాత హాల్ టికెట్ నంబర్లు సున్నం కింద నుంచి ఇంకా లీలగా కనిపించేవి. తెర వెనక సందులో ఒకరు నడిస్తే రెండోవాళ్ళు గోడకి అతుక్కోవాలి. ఆ సందులో కుర్చీలు, బల్లలు, అట్టలతో చేసిన తలుపులు మోస్తూ, ఎవరితోనూ మాట్లాడనక్కర లేకుండా అతను సుఖంగా ఉన్నాడు.

ఆ థియేటర్ని నడిపే ప్రొఫెసరమ్మని అందరూ మేడమ్ అనేవారు. పొట్టిగా, కళ్ళజోడు తాడుతో మెడలో వేలాడేసుకుని, రిహార్సళ్ళలో అరిచి అరిచి బొంగురుపోయిన గొంతుతో ఉండేది. ఒక ఏడు ఆవిడ పాత నాటకాలు వద్దంది. ఈసారి సీజనంతా పిల్లలు తామే రాసుకున్నవి, తమ బతుకులోంచి తెచ్చినవి ఆడాలంది. సొంత కథల సీజను అని దానికి పేరు పడింది. పనివాళ్ళతో సహా అందరూ స్టేజీ ఎక్కి తమ గురించి పది నిమిషాలు చెప్పాలన్నది ఆవిడ షరతు.

అతని వంతు వచ్చేసరికి తల అడ్డంగా ఊపాడు. ఆవిడ ముందు వరసలో కుర్చీ లాక్కుని కూర్చుంది.

“నీకు ఎంతసేపు కావాలంటే అంతసేపు తీసుకో. మాకేం బస్సు టైము అయిపోవట్లేదు” అంది.

అతను ఎక్కాడు. అందరిలాగే తన పేరుతో మొదలుపెట్టాలనుకున్నాడు. భుజం లేచింది, కళ్ళు మూతలుపడ్డాయి. కాని ఆ రోజు హాల్లో ఒక్కరు కూడా అతని మాటని పూర్తి చెయ్యలేదు. ఎవరూ దగ్గలేదు, ఎవరూ నవ్వలేదు. పుట్టి బుద్ధెరిగాక అంతమంది తన కోసం ఊరికే కూర్చుని ఉండటం అతనికి అదే మొదలు. పేరు రాలేదు కాని ఏడుపొచ్చింది. తర్వాత మెల్లమెల్లగా తండ్రి సంగతి, పాటల సంగతి, బడి సంగతి వచ్చాయి.

అలా ‘నా పేరు’ అనే ప్రదర్శన తయారైంది. ఒక్క మనిషి, ఒక్క కుర్చీ. మొదటినుంచి చివరిదాకా తన పేరు చెప్పడానికి ప్రయత్నిస్తూ మధ్యలో తన కథ చెబుతాడు. చివర్లో పేరు పెదవులదాకా వచ్చి, బయటికి రాబోతుండగా లైట్లు ఆరిపోతాయి. మొదటి ఆట రోజు చీకట్లో ఉలుకూ పలుకూ లేదు. తర్వాత పడిన చప్పట్లకి అతను బెదిరిపోయి తెర వెనక సందులోకి పారిపోయాడు.

మరుసటి ఏడు మళ్ళీ ఆడమన్నారు. ఆ మరుసటి ఏడూ అంతే. మిగతా పిల్లల నాటకాలు వచ్చి పోయేవి, చదువు అయ్యాక వాళ్ళూ వెళ్ళిపోయేవారు. ‘నా పేరు’ మాత్రం ప్రతి సీజనుకీ ఆఖరి ఆటగా నిలిచిపోయింది. సగం తెరుచుకున్న అతని నోరు పోస్టరు మీదకి ఎక్కింది. డిగ్రీ అయ్యాక మేడమ్ అతనికి అక్కడే టికెట్ కౌంటర్లో ఉద్యోగం వేయించింది. సీజను సీజనుకీ పొడిగించే ఉద్యోగం అది. కౌంటర్లో కూర్చోవడం, ఆ ప్రదర్శన ఆడటం, రెండూ కలిపి ఒకే నియామకం.

పెళ్ళి కూడా ఆ ఉద్యోగం పుణ్యమే. స్టేజీ మీద వేసుకునే ప్యాంటు పొడుగైతే గేటుకి ఎదురుగా ఉన్న ఆల్టరేషన్ షాపుకి వెళ్ళాడు. మిషను దగ్గరున్న అమ్మాయి అతని కాళ్ళ దగ్గర కూర్చుని అంచు మడిచి కొలత చూసింది. ఎంత పొట్టి చెయ్యాలో అతను చెప్పబోయి ఆగిపోయాడు. ఆమె నోటినిండా గుండుసూదులున్నాయి, అందుకని అతని మాటని ఆమె పూర్తి చెయ్యలేకపోయింది. అతనేమో ఎంత ఓపిక గల మనిషో అనుకున్నాడు. ఆ మాట పెళ్ళయ్యాక చెబితే ఆమె కడుపుబ్బ నవ్వింది. ఆ రోజు తనకి తెగ విసుగొచ్చిందట, సూదులు మింగుతానేమోనని భయపడి ఊరుకుందట.

నత్తి ఎప్పుడు తగ్గడం మొదలైందో అతనికి తెలియదు. ఇంట్లో నెమ్మదిగా మాటలు వదులయ్యాయి. భార్య మిషను మీద కూర్చుంటే అతను పక్కన పీట వేసుకుని రోజంతా జరిగిన సంగతులు ఏకరువు పెట్టేవాడు. మీ నాన్నగారి నోరు మీకు రాలేదన్నవాళ్ళని తీసుకొచ్చి ఇక్కడ కూర్చోబెట్టాలి అనేది ఆమె. కూతురు పుట్టాక దాన్ని ఒళ్ళో వేసుకుని గంటలు గంటలు కబుర్లు చెప్పేవాడు. అప్పుడప్పుడూ ఒక మాట తట్టుకునేది, అంతే. తనే గమనించలేదు.

గమనించింది స్టేజీ మీద. కూతురు పుట్టిన తర్వాతి సీజను అది. “నాకప్పుడు పన్నెండేళ్ళు” అన్న మాట దగ్గర అతనికి ఎప్పుడూ పెద్ద అడ్డం పడేది. జనం ఊపిరి బిగబట్టే చోటు అది. ఆ సాయంత్రం ఆ మాట నీళ్ళలా జారిపోయింది. నడి స్టేజీ మీద, లైటు వెలుగులో, తన దగ్గరున్న ఒకే ఒక్క వస్తువుని ఎవరో ఎత్తుకెళ్ళినట్టనిపించింది. వెంటనే ఆ మాటని మళ్ళీ ఎత్తుకున్నాడు. ఈసారి కావాలని పెదవులు బిగించి, భుజం లేపి, కళ్ళు మూసుకుని, తోచినంతసేపు ఆగి అప్పుడు వదిలాడు. ఎవరూ తేడా పట్టలేదు. ఆ రోజు చప్పట్లు ఇంకాస్త ఎక్కువే పడ్డాయి.

అప్పటినుంచి అతను తన నత్తిని తనే నేర్చుకున్నాడు. ఏ మాట దగ్గర ఆగాలి, భుజం ఎప్పుడు లేవాలి, ఊపిరి ఎక్కడ తెగాలి, అన్నీ ఒకప్పటి తనని గుర్తు తెచ్చుకుని కంఠతా పట్టాడు. స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని సాధన చేసేవాడు.

స్టేజీతో అయిపోతే బాగుండేది. సాయంత్రం ఆట చూసినవాళ్ళు పొద్దున్నే టికెట్ల కోసం కౌంటరు దగ్గరికి వచ్చేవారు. అద్దంలో చెయ్యి పట్టేంత కంత ఉండేది. దాని దగ్గరికి వంగి, ముఖం నిండా ఓపిక నింపుకుని, అతను చెప్పేదాకా ఆగడానికి సిద్ధపడి నిలబడేవారు. ఆ ముఖాల ముందు గడగడా మాట్లాడటం ఎలా? కౌంటర్లోనూ నత్తి పెట్టుకున్నాడు. తర్వాత కారిడార్లో, క్యాంటీన్లో. గేటు దాటి లోపల అడుగు పెట్టగానే నాలుక తనంతట తనే బిగుసుకునేది.

ఒకసారి గేటు బయట పళ్ళ బండివాడితో బేరం చేస్తున్నాడు. తండ్రి పూనినట్టు మంచి ఊపులో ఉన్నాడు. వెనకనుంచి ఒక విద్యార్థి “అన్నా” అన్నాడు. అతను మాట మధ్యలో కొయ్యబారిపోయాడు. భుజం లేచింది, కళ్ళు తేలేశాడు. పళ్ళవాడు హడలిపోయి ఫిట్స్ అనుకుని బండి కిందనుంచి తాళంచెవుల గుత్తి తీసి చేతిలో పెట్టబోయాడు. విద్యార్థి పళ్ళవాడికి నచ్చజెప్పాడు, ఇది జబ్బు కాదు, ఈయన ఇలాగే మాట్లాడతారు అని. ఇప్పటిదాకా బాగానే మాట్లాడాడు కదయ్యా అని పళ్ళవాడు అంటున్నా ఎవరూ వినిపించుకోలేదు.

భార్యకి ఇదంతా ముందు తమాషాగా ఉండేది. తర్వాత్తర్వాత షాపుకి యూనివర్సిటీ మనుషులెవరైనా వస్తే అతను ఉన్నట్టుండి మూగవాడైపోవడం చూసి ఆమెకి ఒళ్ళు మండేది. మేడమ్‌కి చెప్పెయ్యమంది.

చెప్పాలనే వెళ్ళాడు. మేడమ్ గదిలో పోస్టర్ల నమూనాలు బల్లనిండా పరిచి ఉన్నాయి. ఆవిడ సంబరంగా ఉంది. ఆ ఏడు వేరే యూనివర్సిటీలవాళ్ళు, మాటల డాక్టర్లు, చెవిటి పిల్లల బడి టీచర్లు ‘నా పేరు’ చూడటానికి వస్తున్నారట. అతను “మేడమ్, నాకు...” అని మొదలుపెట్టాడు. ‘నత్తి తగ్గిపోయింది’ అన్నది తర్వాత మాట. అది రాలేదు. పెదవులు బిగుసుకున్నాయి, భుజం లేచింది. తను కావాలని చేస్తున్నాడా, దానంతటదే అవుతోందా అతనికే అర్థం కాలేదు. ఆవిడ కలం కింద పెట్టి, చేతులు కట్టుకుని, చిరునవ్వుతో ఆగింది. ఆవిడ అలా ఆగబట్టే కదా అతనికి మాట వచ్చింది. ఆ చిరునవ్వు చూస్తూ, మీ దగ్గర కొన్నాళ్ళుగా నాటకమాడుతున్నానని చెప్పడానికి నోరు పెగలలేదు. “ఏం లేదు మేడమ్” అని నత్తితోనే చెప్పి వచ్చేశాడు.

ఆ సీజన్లలోనే ఒకామె ఏటా ‘నా పేరు’కి వచ్చేది. పెద్దాసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటరు. ఆమెకి నిజమైన నత్తి. మొదటిసారి కౌంటరు దగ్గర ‘ఒక టికెట్’ అనడానికి ఆమె చాలా అవస్థ పడింది. అతను కూడా నత్తితోనే జవాబిచ్చాడు. ఆమె ముఖం ఎంత వెలిగిందంటే, ఇక ఆ తర్వాత ఏ ఏడూ మానలేకపోయాడు. ఇద్దరూ కంతకి అటొకరు ఇటొకరు నిలబడి, వెనక క్యూ పెరుగుతున్నా, చాలాసేపు మాట్లాడుకునేవారు. ఆసుపత్రిలో ఫైళ్ళ గదిలో ఉండేదాన్ననీ, అతని ఆట చూశాకే ధైర్యం చేసి ఫోన్ల సెక్షను అడిగి వేయించుకున్నాననీ ఆమె ఒకసారి చెప్పింది. ఆ రోజు అతను ఇంటికొచ్చి భోంచెయ్యలేదు.

కూతురికి నాలుగో ఏడు నడుస్తుండగా భార్యే ముందు విన్నది. పిల్ల బొమ్మకి బట్టలు తొడుగుతూ, “నా... నా... నాన్నా, ఇది చూడు” అంది. ఒకసారయితే ఏం కాదు. వారమంతా అలాగే అంది. “క... క... కాదు” అంటూ భుజం కూడా లేపింది. భార్య మిషను ఆపేసింది.

“కుళాయి చప్పుడులో మాకు వినపడదనుకున్నారా? అది రోజూ తలుపు దగ్గర కూర్చుని వింటోంది” అంది.

అతనికి తల కొట్టేసినట్టయింది. పిల్లని పెద్దాసుపత్రిలో మాటల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆ డాక్టరు నిదానస్తుడు. పిల్లతో బొమ్మలు పేర్చి ఆడి, తర్వాత వీళ్ళకి చెప్పాడు. వినడం వల్ల నత్తి రాదు, అంటుకునేది కాదు. కుటుంబంలో ఉంటే వచ్చే అవకాశం ఎక్కువ. ఈ వయసులో చాలామందికి వచ్చి పోతుంది, కొందరికి ఉంటుంది. తొందరపెట్టకండి, దాని మాట మీరు పూర్తి చెయ్యకండి, వినండి. ఆపైన, అతనికీ ఒకప్పుడు నత్తి ఉండేదని విని, అతని వైపు తిరిగి మీకెలా తగ్గిందని అడిగాడు. అతను ఉన్నదున్నట్టు చెప్పాడు. డాక్టరు తల ఊపాడు. కొంతమందిచేత తాము కావాలనే నలుగురిలో నత్తిగా మాట్లాడిస్తామనీ, దాచుకోవాలన్న భయం పోతే మాట వదులవుతుందనీ, అన్నేళ్ళు స్టేజీ మీద అతను చేసిందీ అదేననీ అన్నాడు.

అంటే ఆ ప్రదర్శనే అతని నత్తిని తీసేసింది, ఆ ప్రదర్శన కోసమే అతను దాన్ని పట్టుకు వేలాడుతున్నాడు. ఇంటికొచ్చే బస్సులో ఆ సంగతి భార్యకి చెప్పి నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

అంటుకోదని డాక్టరు చెప్పింది బుర్రకి ఎక్కింది కాని మనసుకి ఎక్కలేదు. పిల్ల ఆగినప్పుడల్లా తనే ఆపాడనిపించేది. ఒకరోజు అది “పె... పె...” అంటుంటే చూడలేక, “పెన్సిలు కావాలా, ఇదిగో” అని చేతిలో పెట్టాడు. పిల్ల ఆ పెన్సిలు వైపు చూసింది, అతని వైపు చూసింది, వెళ్ళిపోయింది. అది అడగబోయింది పెరుగో, పెట్టెలో బొమ్మో అతనికి ఎప్పటికీ తెలియలేదు. తన తండ్రి తన ఒంట్లోంచి లేచి మాట్లాడినట్టనిపించి మంచం మీద కూలబడ్డాడు.

ఆ సీజను చివరి ఆటకి హాలు నిండింది. అతను స్టేజీ ఎక్కి కుర్చీ పక్కన నిలబడ్డాడు. ఎప్పటిలాగే పేరు చెప్పడానికి నోరు తెరిచి, చెప్పేశాడు. ఏ అడ్డమూ లేకుండా, పోస్టాఫీసులో చెప్పినట్టు. తర్వాత తండ్రి గురించి, పాటల గురించి, బడి గురించి అన్నీ వరసగా, మామూలుగా చెప్పాడు. నత్తి పోయి కొన్నేళ్ళయిందనీ, ఇన్నాళ్ళూ తెచ్చిపెట్టుకున్నాననీ కూడా చెప్పాడు.

జనానికి ఏమీ అర్థం కాలేదు. ముందు వరసలో ఎవరో పక్కవాళ్ళని ఇవాళ వేరే నటుణ్ణి పెట్టారా అని అడిగారు. నవ్వే చోట నవ్వలేదు. కుర్చీలు కిర్రుమన్నాయి, దగ్గులు మొదలయ్యాయి. గంట పట్టే ఆట పావుగంటలో అయిపోయింది. లైట్లు చూసే కుర్రాడు ఎక్కడ ఆర్పాలో తెలియక అలాగే వదిలేశాడు. నిండు వెలుగులో అతను స్టేజీ దిగాడు. చప్పట్లు మర్యాదకి పడ్డాయి. బాగా నటించాడు కాని అందులో నిజం లేదు అని ఎవరో అంటూ వెళ్ళడం సందులో నిలబడ్డ అతనికి వినిపించింది.

టెలిఫోన్ ఆపరేటరు కౌంటరు బయట ఆగి ఉంది. అతను అద్దం ఇవతలికి వచ్చి నిలబడ్డాడు. ఎప్పటినుంచి అని అడిగింది. ఆ ఒక్క మాటకే ఆమెకి చాలాసేపు పట్టింది. అతను చెప్పాడు. ఆమె మనసులో లెక్క చూసుకుంది.

“అ... అయితే నాతో మాట్లాడినప్పుడు?” అంది.

అతను తల దించుకున్నాడు. ఆమె తిట్టలేదు. చేతిలోని టికెట్టు ముక్కని మడిచి సంచిలో వేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మేడమ్ కొన్నాళ్ళు అతనితో ముక్తసరిగా ఉంది. నువ్వు నన్ను నమ్మలేదన్న మాట అని ఒక్కసారే అంది, మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఉద్యోగం పోతుందనే అతను అనుకున్నాడు. కాని సెలవులు అయ్యాక ఆవిడే పిలిపించింది. ఆవిడ కళ్ళలో పాత ఉత్సాహం తిరిగొచ్చింది. ఇది ఇంకా గొప్ప కథ అంది. మొదటి సగం నత్తితో, రెండో సగం నత్తి లేకుండా. స్టేజీ ఒక మనిషికి మాట ఇచ్చింది, అదీ విషయం. చివర్లో లైట్లు ఆరవు, పేరు చెబుతాడు. పొడిగింపు కాగితం బల్ల మీదే ఉంది. ఇంటి అద్దె, పిల్ల బడి, డాక్టరు, అన్నీ కళ్ళ ముందు తిరిగి, అతను సరేనన్నాడు.

రిహార్సళ్ళు మొదలయ్యాయి. మొదటి సగం అలవాటైన దారే. రెండో సగంలో మామూలుగా మాట్లాడాలి. మూడో రోజో నాలుగో రోజో, ఆ మామూలు మాటల మధ్య ‘ప’ దగ్గర పెదవులు అతుక్కుపోయాయి. అతను అతికించుకోలేదు. వాటంతటవే అతుక్కున్నాయి. తడబడకూడదు, ఇక్కడ తడబడితే కథే లేదు, అనుకున్న కొద్దీ బిగుసుకున్నాయి.

“ఇక్కడ వద్దు నాయనా, ఇక్కడ ధారాళంగా రావాలి” అంది మేడమ్, కింద కుర్చీలోంచి.

అతను మళ్ళీ మొదలుపెట్టాడు, మళ్ళీ అక్కడే ఆగాడు. ఇన్నేళ్ళూ లేని నత్తిని ఉన్నట్టు చూపించాడు. ఇప్పుడు ఉన్న నత్తిని లేనట్టు చూపించాలి. చిన్నప్పటిలాగా మాటలు మార్చుకోవడం మొదలుపెట్టాడు. ‘పన్నెండేళ్ళు’ రాకపోతే ‘డజనేళ్ళు’ అన్నాడు. హాల్లో పిల్లలు నవ్వారు. ఆ నత్తి అక్కడితో ఆగలేదు, ఇంటికి కూడా వెంట వచ్చింది. భార్య ముందు నమ్మలేదు. ఇంట్లో కూడా రిహార్సలేనా అంది. అతని కళ్ళలో నీళ్ళు చూసి ఊరుకుంది.

పిల్లకి డాక్టరు దగ్గర తేదీ మార్చుకోవలసి వచ్చి ఒక మధ్యాహ్నం కౌంటరు ఫోన్ నుంచి పెద్దాసుపత్రికి ఫోను చేశాడు. ఎత్తింది ఆమే. ఆసుపత్రి పేరు చెప్పడానికి ఆమె తడుముకున్న తీరులోనే పోల్చుకున్నాడు. అతను నోరు తెరిచాడు. మాట రాలేదు. గాలి మాత్రం వస్తోంది. అవతల ఆమె కాసేపు విని, గుర్తుపట్టింది.

“మీరా?” అంది. కాస్త ఆగి, “ఇ... ఇప్పుడు కూడానా?” అంది.

నిజం అని చెప్పాలి. ‘ని’ దగ్గరే ఆగిపోయాడు. చెప్పినా ఆమె ఎందుకు నమ్మాలి? రిసీవరు చెవికి పెట్టుకుని, చెమటలు కక్కుతూ, అద్దం కంతలోంచి కారిడారు చూస్తూ నిలబడ్డాడు. ఆమె ఫోను పెట్టెయ్యలేదు. నమ్మినట్టూ చెప్పలేదు. ఆసుపత్రికి ఎవరు చేసినా అడిగినట్టే, ఏ డాక్టరు కావాలని అడిగింది. అతను చెప్పేదాకా ఉంది. డాక్టరు గదిలో కనుక్కుని కొత్త తేదీ చెప్పి, లైను తీసేసింది.

అతను రిసీవరు పెట్టేసి, కౌంటరుకి గడియ పెట్టి, మేడమ్ గదికి వెళ్ళాడు. ఈ ఆట ఇక ఆడనని చెప్పడానికి ఎంతసేపు పట్టిందో ఆవిడకే తెలియాలి. ఆవిడ అలవాటు ప్రకారం ఆగింది, కాని ఈసారి ముఖంలో చిరునవ్వు లేదు, అనుమానం ఉంది.

“ఇది నటనా, నిజమా?” అని అడిగింది.

“తె... తెలీదు మేడమ్. మానెయ్యాలన్నది మాత్రం నిజం.”

ఆవిడ కళ్ళజోడు తుడుచుకుంది. ‘నా పేరు’ని జాబితాలోంచి కొట్టేసింది. అతని నియామకం కౌంటరు వరకే మిగిలింది, జీతమూ ఆ మేరకే తగ్గింది. ఆవిడ అతన్ని తీసెయ్యనూ లేదు, మునుపటిలా పలకరించనూ లేదు.

ఈ ఏడు సొంత కథల సీజను ఒకమ్మాయి ఆటతో మొదలైంది. వాళ్ళమ్మ ఆఫీసులు ఊడ్చే పనికి పోతూ తనని కూడా వెంట తీసుకెళ్ళిన రోజుల గురించి. టికెట్ల కోసం వచ్చినవాళ్ళలో ఇద్దరు ముగ్గురు ‘నా పేరు’ ఎప్పుడని అడిగారు. లేదండీ, తీసేశారు, అని చెబుతున్నాడు. కొన్ని రోజులు ఆ మాట తేలిగ్గా వస్తోంది, కొన్ని రోజులు రావట్లేదు. వచ్చిన రోజు వాళ్ళు ఇన్నాళ్ళూ మోసం చేశాడన్నట్టు చూస్తారు. రాని రోజు మళ్ళీ మొదలెట్టాడన్నట్టు చూస్తారు. టికెట్ చించి కంతలోంచి అందిస్తున్నాడు.

లోపల ఆట మొదలయ్యాక రోడ్డు దాటి షాపుకి వెళతాడు. జీతం తగ్గిన దగ్గర్నుంచి భార్య పని ఎక్కువ ఒప్పుకుంటోంది. అతను పీట మీద కూర్చుని పాత ప్యాంట్ల అంచుల కుట్లు విప్పుతాడు. నిన్న కూతురు బడి సంచీ దింపకుండానే, తన పక్కన కూర్చునే పిల్లతో వచ్చిన పోట్లాట చెప్పడం మొదలుపెట్టింది. పెద్ద కథే. అసలు ఘట్టం దగ్గర ఆ పిల్ల పేరు రాక ఆగిపోయింది. భార్య మిషను మీంచి కాలు తీసింది. అతను తల ఎత్తి కూతురి వైపు చూసి, మళ్ళీ కుట్టు అందుకున్నాడు. ఎంతసేపైనా కానీ అన్నట్టు ఒక్కొక్క దారమే తీస్తూ కూర్చున్నాడు.